బ్లాక్ బెల్ట్ వచ్చాక పదేళ్లకు లక్ష్యం ఏం పెట్టుకోవాలి? (36 ఏళ్లు, షోటోకాన్ కరాటే)

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. వయసు 36, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగున్నరేళ్లుగా షోటోకాన్ చేస్తున్నారు, ఈ మధ్యే మొదటి డాన్ (బ్లాక్ బెల్ట్‌లో మొదటి మెట్టు) వచ్చింది. అది వచ్చిన దగ్గర్నుంచి క్లాసుకు వెళ్లాలన్న ఊపు పోయింది. వచ్చే పదేళ్లకు ఏం పెట్టుకోవాలి: రెండో డానా, పోటీలా, జూడో లాంటి ఇంకో కళా, పిల్లలకు నేర్పడమా? చివర్లో ఒక్క లైనులో కుడి మోకాలు అప్పుడప్పుడూ నొప్పి పెడుతోందని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. పదేళ్ల లక్ష్యంగా బెల్టును పెట్టుకోకండి. 46 ఏళ్లు వచ్చేసరికి వారానికి మూడు రోజులు, నొప్పి మాత్ర జోలికి పోకుండా, పూర్తి వేగంతో సాధన చేయగలిగే శరీరం మీకు ఉండాలి. అదే లక్ష్యం. దాని కింద మూడు పనులు పెట్టుకోండి: రెండు కటాలు (ముందే కూర్చిన కదలికల వరుసలు) లోతుగా చేయడం, ఒక్క పంచ్ నిజంగా తగిలేలా తయారుచేసుకోవడం, దెబ్బ తగలకుండా కింద పడటం నేర్చుకోవడం. రెండో డాన్, మూడో డాన్ ఈ దారిలోనే వస్తాయి, వాటికోసం విడిగా పరుగెత్తక్కర్లేదు. మీరు చివర్లో పడేసిన ఆ మోకాలి సంగతే నా లెక్కలో మీ ప్రశ్నలో అసలు భాగం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఊపు తగ్గడం గురించి. దీనికి మనసును తప్పుపట్టక్కర్లేదు, ఇది లెక్క. ఇప్పటిదాకా మూడు నాలుగు నెలలకోసారి బెల్ట్ టెస్ట్ ఉండేది. రంగు మారేది, ఫొటో దిగేవాళ్లు. ఇకనుంచి అది లేదు. షోటోకాన్ సంస్థల్లో మామూలుగా రెండో డాన్‌కు రెండేళ్లు, ఆ తర్వాత మూడో డాన్‌కు మూడేళ్లు ఆగాలి, సంస్థను బట్టి కొంచెం అటూ ఇటూ. తైక్వాండోలో కుక్కివాన్ అనే కేంద్ర సంస్థ లెక్క కూడా ఇలాగే సాగుతుంది: రెండో డాన్‌కు ఏడాది, మూడుకు రెండేళ్లు, నాలుగుకు మూడేళ్లు. కెండోలో (జపాన్ కత్తిసాము) అయితే ఏడో డాన్ వచ్చాక పదేళ్లు ఆగి, 46 ఏళ్లు నిండాకే ఎనిమిదో డాన్ పరీక్షకు కూర్చోనిస్తారు. రాసినవాళ్లలో నూటికి ఒకరు గట్టెక్కితే గొప్ప. అంటే మీరు మీ గడువు అనుకుంటున్న వయసు దగ్గర వాళ్లకు పెద్ద పరీక్ష మొదలవుతోంది.

ఇంకో సంగతి. జూడోను పుట్టించిన కానో జిగోరో అందులో 1880లలో డాన్ పద్ధతి పెట్టాడు. దాన్ని చూసి కరాటేలో షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ 1924లో మొదటి డాన్‌లు ఇచ్చాడు. మనం రోజూ చేసే అయిదు హెయాన్ కటాలను కూర్చిన ఇతోసు అంకో 1915లోనే పోయాడు. ఆయనకు ఏ డానూ లేదు. బెల్టు మీద ఆధారపడని సాధన అంటే కొత్తగా కనిపెట్టేదేమీ కాదు, అసలు మొదట ఉన్నదే అది.

బెల్టుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మన దగ్గర డాన్ సర్టిఫికెట్ల వ్యాపారం బాగానే నడుస్తోంది. ఆరు నెలల్లో రెండో డాన్, ‘డబుల్ ప్రమోషన్’, ఒకే ఏడాదిలో రెండు శైలుల్లో డాన్ అని ఎవరైనా అంటే, డబ్బులు జేబులో పెట్టుకుని నమస్కారం పెట్టి రండి. అడగాల్సినవి మూడే: పరీక్ష చేసేవాళ్లలో మీ మాస్టర్ కాకుండా బయటివాళ్లు ఎవరు, మీ సర్టిఫికెట్ నంబరు పై సంస్థ రిజిస్టర్‌లో ఎక్కుతుందా, ఆ పరీక్షలో ఈ మధ్య ఎవరైనా ఫెయిలయ్యారా. మూడో ప్రశ్నకు ‘మా దగ్గర అందరూ పాసవుతారండీ’ అని గర్వంగా చెప్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇక మోకాలు. వాపు ఉన్నా, వంచినప్పుడు పట్టేసినా, మెట్లు దిగుతుంటే కాలు జారిపోయినట్టు అనిపించినా ఇక్కడ చదవడం ఆపి ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. అవేమీ లేకుండా సాధన చేసిన మర్నాడు చిప్ప చుట్టూ నొప్పిగా ఉంటే, షోటోకాన్‌లో దానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగే.

మొదటిది జెన్‌కుత్సు దాచి, అంటే ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే స్టాన్స్. ముందు మోకాలు లోపలికి వాలిపోతుంది. అద్దం ముందు నిలబడి చూసుకోండి: చిప్ప మధ్య నుంచి దారం వేలాడదీస్తే అది బొటనవేలికీ రెండో వేలికీ మధ్య పడాలి. చాలామందికి పాదం లోపలి పక్కన పడుతుంది. కారణం తొంభై శాతం ఒకటే, స్టాన్స్ మరీ ఇరుకు. ముందు పాదం, వెనక పాదం ఒకే గీత మీద పెట్టి తాడు మీద నడిచినట్టు నడుస్తారు. వెడల్పు భుజాలంత ఉండాలి, పొడవు దానికి సుమారు రెట్టింపు, బరువు ముందు కాలి మీద 60, వెనక 40. పొడవు ఎక్కువైతే కరాటే ఎక్కువైనట్టు కాదు. పొడవు పెరిగిన కొద్దీ తుంటి ముందుకు తిరగదు, వెనక మడమ లేస్తుంది, నడుం లోపలికి వంగుతుంది. మీ కాలి పొడవుకు మీ స్టాన్స్, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఇరవయ్యేళ్ల కుర్రాడిది కాదు.

రెండోది తిరగడం. మవాషి గెరిలో (పక్క నుంచి తిప్పి వేసే కిక్) ఒంటి బరువంతా మోస్తున్న పాదం తిరగకుండా ఒళ్లు మాత్రం తిరిగితే ఆ మెలిక మోకాలి మీదే పడుతుంది. మన క్లాసులు సగం అపార్ట్‌మెంట్ టెర్రస్‌ల మీద, స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టుల్లో జరుగుతాయి. గరుకు సిమెంటు మీద వట్టి పాదం జరగదు. మడమను కొద్దిగా లేపి, ముందు పాదం మీద తిరిగి, ఆ తర్వాత కిక్ వేయండి. కిక్ పూర్తయ్యేసరికి మడమ ఎదుటివాడి వైపు చూడాలి. మెత్తటి మ్యాట్ వేస్తే సరిపోతుందనుకుంటారు, అక్కడే ఇంకో చిక్కు. 20, 25 మిల్లీమీటర్ల గట్టి మ్యాట్ ఫర్వాలేదు. జూడోలో పడటానికి వాడే 40 మిల్లీమీటర్ల మ్యాట్‌లో పాదం దిగబడి సిమెంటు కంటే గట్టిగా పట్టేస్తుంది.

మూడోది గాల్లో వేసే కిక్‌లు. ‘ఇచ్, ని, సాన్’ అని లెక్కపెట్టుకుంటూ మాయే గెరి (ఎదురుగా వేసే కిక్) వంద వేయిస్తారు. తగలడానికి ఎదురుగా ఏమీ లేదు, కాలు చివరిదాకా వెళ్లి ఎముక మీద ఎముక ఆగేదాకా ఆగదు. వందసార్లు మోకాలిని లాక్ చేసినట్టే. చివరి కొంచెం వంపు ఉంచేసి వెనక్కి లాగండి, తొడ వెనక కండరంతో బ్రేక్ వేయండి. మాస్టర్ వంద అంటే నలభై పూర్తి వేగంతో వేసి, మిగతా అరవై సగం వేగంతో మోకాలు ఎత్తడం మీద, వెనక్కి లాగడం మీద ధ్యాస పెట్టి వేయండి. ఎవరూ కనిపెట్టరు.

నాలుగోది ఫుమికోమి. కాలితో నేలను బాదితే చప్పుడు బాగుంటుంది. గ్రానైట్ మీద, సిమెంటు మీద ఆ దెబ్బ మడమలోంచి మోకాలికే వెళ్తుంది. కాలు కిందికి వేగంగా రావాలి, నేల దగ్గర ఆగాలి. ఫ్లాట్‌లో సాధన చేసేవాళ్లకు కింది ఇంటివాళ్లతో సఖ్యత కూడా మిగులుతుంది.

ఈ నాలుగూ సరిచేసుకున్నా కాళ్లలో బలం లేకపోతే లాభం లేదు. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికి పిరుదుల కండరం, తొడ వెనక కండరం నిద్రపోతూ ఉంటాయి. కరాటే క్లాసు వాటిని లేపదు, ఉన్నవాటిని వాడుకుంటుంది అంతే. వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున బలం కోసం కేటాయించండి:

- స్ప్లిట్ స్క్వాట్: ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి నిటారుగా కిందికి దిగడం. కాలికి 8 చొప్పున 3 సెట్లు. నొప్పి పదికి మూడు దాటితే లోతు తగ్గించండి. తేలికైపోయాక చేతికి 5 కిలోల చొప్పున పట్టుకోండి.
- ఒంటికాలి మీద నిలబడి తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం, నడుం నిటారుగా. ఇదీ 8 చొప్పున 3 సెట్లు.
- మెట్టు అంచు మీద మడమలు ఎత్తడం. పైకి ఒక సెకను, కిందికి మూడు సెకన్లు. 12 చొప్పున 3 సెట్లు.
- పుల్ అప్స్ లేదా డంబెల్ రో. 8 చొప్పున 3 సెట్లు. పంచ్‌లు, దండీలు అన్నీ ముందుకు తోసే పనులే. వెనక్కి లాగే పని లేకపోతే భుజాలు ముందుకు వంగిపోతాయి, పైగా కీబోర్డు ఉద్యోగం.
- సైడ్ ప్లాంక్, పక్కకు 30 సెకన్లు, రెండేసి సార్లు.

మడమల కసరత్తును తేలిగ్గా తీసుకోకండి. ముప్పై నుంచి యాభై మధ్య మగవాళ్లలో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెగిపోవడం ఎక్కువ. అది ఎక్కువగా తెగేది వెనక కాలితో ఒక్కసారిగా నేలను తన్ని ముందుకు దూకినప్పుడు. కిజామి జుకి (ముందు చేత్తో వేసే పంచ్) సరిగ్గా ఆ కదలికే. కండరం నెలల్లో బలపడుతుంది, ఈ టెండన్లకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి బాగా ఉంది కదా అని ఫైట్ సమయం ఒక్కసారిగా రెట్టింపు చేసినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

బస్కీల గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి: మన తాలింఖానాల్లో వందల లెక్కన తీసేవాళ్లు, నిజమే. వాళ్లు చిన్నప్పటి నుంచి మట్టిలో తీసేవాళ్లు. మడమలు లేపి మోకాళ్లు ముందుకు తోసే కసరత్తు అది. నొప్పి ఉన్న మోకాలితో దాన్ని మొదలుపెట్టకండి. ఆర్నెల్లు పై కసరత్తులు చేశాక పది, ఇరవైతో మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

సాగదీయడం క్లాసు అయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు చేయండి. తొడ లోపలి భాగానికి, తొడ వెనకకు, తుంటి ముందు భాగానికి 45 సెకన్ల చొప్పున రెండేసి సార్లు చాలు. ఒళ్లు వేడెక్కకుండా చాలాసేపు సాగదీసి వెంటనే కిక్‌లు వేస్తే బలం తగ్గుతుంది, పట్టేసే ప్రమాదం ఉంటుంది. తల ఎత్తు కిక్ కోసం ప్రాణం పెట్టకండి. తుంటి ఎముక గుంట ఆకారం కొందరికి అంత పైకి వెళ్లనివ్వదు, అది సాధనతో మారేది కాదు. పొట్ట ఎత్తులో గట్టిగా తగిలే కిక్, తల దగ్గర గాలి విసిరే కిక్ కంటే ఎంతో మేలు.

కటాలు: పదేళ్లకు రెండే. షోటోకాన్‌లో 26 ఉన్నాయి, యూట్యూబ్‌లో అన్నీ దొరుకుతాయి. మొదటి డాన్ వచ్చినవాళ్లకు వెంటనే పట్టుకునే జబ్బు కటాలు పోగేయడం. ఏడాదిలో పన్నెండు నేర్చుకుంటారు, పన్నెండూ ఒకేలా చేస్తారు. ఫునాకోషి మూడు టెక్కీ కటాల మీదే పదేళ్లు గడిపానని చెప్పుకున్నాడు.

మీకైతే నేను జియాన్, టెక్కీ షోడాన్ చెప్తాను. జియాన్‌లో 47 కదలికలు, దూకుళ్లు లేవు, ప్రాథమిక స్టాన్స్‌లన్నీ ఉన్నాయి, తప్పు చేస్తే దాచుకోవడానికి చోటు లేదు. టెక్కీ షోడాన్‌లో 29, అంతా కిబా దాచిలో (గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడం పెట్టి నిలబడే స్టాన్స్) పక్కకు నడవడమే. హాల్లో సోఫా ముందు పట్టేస్తుంది. కిబా దాచిలో పాదాలు సమాంతరంగా, మోకాళ్లు బయటికి తోసి ఉంచాలి, పాదాలు బయటికి తిరిగితే మళ్లీ మోకాలే. ఎంపీ, కాంకు దాయ్ కటాలు అందంగా ఉంటాయి. కానీ ఎంపీ చివర్లో గాల్లో తిరిగే దూకుడు ఉంది. కాంకు దాయ్‌లో 65 కదలికలు, నేలమీదికి ఒరగడం, చివర జంట కిక్ ఉన్నాయి. మోకాలు కుదుటపడేదాకా వాటిని పక్కన పెట్టండి. హంగెత్సు కటా ఇష్టమైతే ఒక జాగ్రత్త: బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి ఒళ్లంతా బిగించి చేయకూడదు, ఊపిరి వదులుతూనే చేయాలి.

లోతుగా చేయడం అంటే వందసార్లు తిప్పడం కాదు. మొదటి ఏడాది వారానికి పన్నెండు, పదిహేను సార్లు: అయిదు చాలా నెమ్మదిగా, అయిదారు సగం బలంతో, మూడు పూర్తిగా. పూర్తిగా చేసేవి మూడు దాటితే నాలుగోదాని నుంచి తప్పులనే సాధన చేస్తున్నట్టు. రెండో ఏడాది కటాను అయిదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మనిషి మీద చేయండి. ఆయన మీ మణికట్టు పట్టుకుంటాడు, కాలర్ పట్టుకుంటాడు, పక్కనుంచి గుద్దు విసురుతాడు. పక్కకు పది. ఎదుటివాడు సహకరిస్తున్నంత సేపు అన్నీ పనిచేస్తాయి. మూడు నెలలయ్యాక ‘ఇక వదలకు’ అని చెప్పండి. అప్పుడు మిగిలేవే మీవి. మూడో ఏడాది కుడి ఎడమలు తారుమారు చేసి మొత్తం కటా చేయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు కటా రాలేదు, అలవాటు మాత్రమే వచ్చింది.

పరీక్షలో మీకు నచ్చిన కటాతో పాటు పరీక్షకులు తమకు తోచింది అడుగుతారు కాబట్టి అయిదు హెయాన్‌లను వారానికోసారి తిప్పుతూ ఉండండి. అంతకంటే అక్కర్లేదు.

పంచ్ దేనికైనా తగలాలి. మన దగ్గర బ్లాక్ బెల్టులు చాలామంది గాలిని తప్ప దేన్నీ కొట్టి ఉండరు. గ్యాకు జుకి (వెనక చేత్తో వేసే పంచ్) ఒక్కటే తీసుకోండి. వారానికి గాల్లో 150, ప్యాడ్ మీదో బ్యాగ్ మీదో 100. బ్యాగ్ 30, 35 కిలోలది చాలు, చేతికి పట్టీ చుట్టుకోండి. మొదటి నెలలోనే బయటపడే తప్పులు ఇవి: మణికట్టు కిందికి మడత పడటం, దెబ్బ చిటికెన వేలి కణుపు మీద పడటం (ఆ కణుపు కిందే అరచేతి ఎముక విరగడం చాలా మామూలు), భుజం చెవి దగ్గరికి లేవడం, తుంటి ముందే తిరిగేసి చెయ్యి ఆలస్యంగా రావడం. చూపుడు వేలు, నడిమి వేలు కణుపులే తగలాలి. మకివారా (గుద్దడానికి నిలువుగా పాతే పలక) పెట్టుకోగలిగితే పలక పై అంచు మీ పొట్ట పైభాగం ఎత్తుకు రావాలి. చేతికి 20తో మొదలుపెట్టి మూడు నెలల్లో 50కి వెళ్లండి, రోజు విడిచి రోజు. కణుపులు కాయలు కాయించుకోవడం ఘనకార్యం కాదు. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలతో మాత్రం మకివారా కొట్టించకండి.

ఫైట్ విషయంలో ఇరవయ్యేళ్ల వాడితో వేగంలో పోటీ పడకండి, ఓడిపోతారు, పైగా దెబ్బ తగులుతుంది. మీరు గెలవగలిగింది దూరంలో. ఒక డ్రిల్ చెప్తాను. ఎదుటివాడు తనకు తోచినప్పుడు ముఖానికి ఓయ్ జుకి (అడుగు ముందుకేసి గుద్దే పంచ్) వేస్తాడు. మీరు వెనక్కి జరగాలి, కానీ పిడికిలి మీ ముఖానికి బెత్తెడు దూరంలో ఆగేంతే. ఎక్కువ జరిగినా తప్పే. రెండు నిమిషాల చొప్పున నాలుగు రౌండ్లు. రెండు మూడు నెలలయ్యాక జరిగిన వెంటనే తిరిగి కొట్టడం కలపండి, ఇంకో ఆర్నెల్లకు అతను కదలబోతుండగానే కొట్టడం. మౌత్ గార్డ్ తప్పనిసరి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా ఆ రోజు అక్కడితో ఆపేసి డాక్టర్‌కు చూపించాలి, ‘ఏం కాదులే’ అని రెండో రౌండ్‌కు దిగకూడదు. 40 దాటాక గట్టి ఫైట్లకు ముందు బీపీ, షుగర్ చూపించుకోండి.

పోటీలు? ఏడాదికి ఒకటి, అదీ 35 దాటినవాళ్లకు వెటరన్ విభాగం ఉంటేనే. పతకానికి కాదు, గుండె దడదడలాడుతున్నప్పుడు మీ టెక్నిక్‌లో ఏం మిగులుతుందో చూసుకోవడానికి. ప్రపంచ కరాటే సమాఖ్య (డబ్ల్యూకేఎఫ్) నిబంధనల్లో పంచ్‌కు ఒక పాయింటు, పొట్ట కిక్‌కు రెండు, తల కిక్‌కు మూడు. దానికోసం శిక్షణ మొదలుపెడితే గెంతుతూ ఆడే ఆట వేరే అవుతుంది. ఆ గెంతులాటకు మీ పిక్కలు, అకిలిస్ సిద్ధంగా ఉన్నాయా అన్నది చూసుకోండి. (ఒలింపిక్స్ గురించి పిల్లల తల్లిదండ్రులు అడుగుతుంటారు: కరాటే టోక్యోలో ఒక్కసారే ఉంది, పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలిస్‌లోనూ లేదు.)

ఇంకో కళ కావాలంటే జూడో, అదీ ఆర్నెల్లు, పడటం కోసం. షోటోకాన్ మనకు నేర్పనిది ఇదే. గడ్డం ఛాతీకి ఆనించడం, ఊపిరి వదలడం, చేతిని ఒంటికి సుమారు 45 డిగ్రీల దూరంలో చాపి నేలను చరచడం, అన్నిటికంటే ముఖ్యంగా అరచెయ్యి వెనక్కి ఆనించకుండా ఉండటం. మణికట్టు విరిగేది ఎక్కువగా ఆ చెయ్యి ఆనించడం వల్లే. తడి బాత్‌రూమ్‌లో, బైక్ మీద, డెబ్బై ఏళ్ల వయసులో మెట్ల మీద మీకు ఉపయోగపడే ఒకే ఒక్క మార్షల్ ఆర్ట్ టెక్నిక్ ఇదేనేమో. బీజేజే (బ్రెజిలియన్ జియు జిట్సు) బాగుంటుంది గానీ అది పక్క సాధనగా మిగలదు, మీ వారమంతా తినేస్తుంది. ఎంచుకుంటే దాన్నే ఎంచుకోండి. షోటోకాన్ చేస్తూ కరాటేలోనే ఇంకో శైలి అయిన షిటో ర్యూ మాత్రం కలపకండి. మన హెయాన్‌లను వాళ్లు పినాన్ అంటారు. వాళ్ల పినాన్ నిదాన్ మన హెయాన్ షోడాన్, వాళ్ల పినాన్ షోడాన్ మన హెయాన్ నిదాన్. కదలికలు దగ్గర దగ్గరగా ఉండి రెండూ చెడతాయి. మీ సొంతూళ్లో కర్రసాము నేర్పే గురువు ఉంటే సెలవుల్లో వెళ్లండి. చేతిలో కర్ర ఉంటే దూరం లెక్క మొత్తం మారిపోతుంది, కాళ్లు వేరేలా కదలడం నేర్చుకుంటాయి, కరాటేతో కలగాపులగం కాదు.

నేర్పడం గురించి ఆచితూచి చెప్పాలి. మన దగ్గర మొదటి డాన్ రాగానే ‘ఆ స్కూల్లో పిల్లల క్లాస్ నువ్వు చూసుకో’ అంటారు. మాస్టర్ నమ్మారని సంతోషంగా ఉంటుంది. రెండేళ్ల తర్వాత చూస్తే సొంత సాధన సున్నా. లెక్కపెట్టడం, అరవడం, వార్మప్ లేకుండా లేచి కిక్ చూపించడం, తొడ వెనక కండరం పట్టేయడం. వారానికి ఒక్క క్లాసు, అదీ సీనియర్ పక్కన సహాయకుడిగా ఒప్పుకోండి. నేర్పే గంటలు మీ సాధన గంటల్లో లెక్కకు రావు. చూపించాల్సిన కిక్‌లన్నీ పొట్ట ఎత్తుకే చూపించండి, పిల్లలకు అదే సరైన ఎత్తు కూడా.

పదేళ్లలో ఖాళీలు వస్తాయి, రావని అనుకుని ప్లాన్ వేస్తే మొదటి ఖాళీతోనే మానేస్తారు. పిల్లలు పుడతారు, నైట్ షిఫ్ట్ వస్తుంది, ఆన్‌సైట్ పంపుతారు. అలాంటప్పుడు కనీసం వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు: ఒక రోజు టెక్కీ, పంచ్‌లు, ఒక రోజు బలం కసరత్తులు. వచ్చిన బలాన్ని నిలబెట్టుకోవడానికి వారానికి ఒక్క గట్టి సెషన్ సరిపోతుంది. మూడు నెలలు పూర్తిగా ఆగిపోతే తిరిగొచ్చిన మొదటి మూడు వారాలు సగమే చేయండి, ఫైట్ వద్దు. గాయాలు ఎక్కువగా తగిలేది ఈ తిరిగొచ్చిన వారాల్లోనే, బుర్రకు అన్నీ గుర్తుంటాయి, టెండన్లకు ఉండవు. విదేశం వెళ్తే డాన్ సర్టిఫికెట్, గ్రేడింగ్ పుస్తకం వెంట తీసుకెళ్లండి. అక్కడి సంస్థ వేరేదైతే ఏ బెల్ట్ కట్టుకోమంటారని ముందే అడగండి. తెల్లది కట్టుకోమంటే కట్టుకోండి, రెండు క్లాసుల్లో వాళ్లకే తెలుస్తుంది.

మన ఎండాకాలం సంగతి విడిగా. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడులోపు ముగించండి. 14 ఔన్సుల బరువు డ్రెస్ చప్పుడు బాగా చేస్తుంది, మే నెలలో అది కొలిమి. 8 ఔన్సులది వాడండి. ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకోండి.

కొలవడానికి ఒక నోట్‌బుక్ చాలు. మూడు నెలలకోసారి, ఒకే చోట ఫోన్ తుంటి ఎత్తులో పెట్టి, ఎదురు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి జియాన్ రికార్డు చేయండి. చూడాల్సినవి: ముందు మోకాలి దారం, వెనక మడమ, భుజం లేవడం. అదే రోజు ఇంకో మూడు కూడా రాసుకోండి: కళ్లు తెరిచి ఒంటికాలి మీద మోకాలు ఎత్తి ఎంతసేపు నిలబడగలరో, చేతులు ఆనించకుండా నేలమీంచి లేవగలరో లేదో, మర్నాడు పొద్దున మోకాలి నొప్పి పదికి ఎంతో. ఏడాదికి నాలుగు పేజీలు అవుతాయి. ఊపు తగ్గిన రోజు ఆ పాత వీడియో చూడండి. రంగు మారకపోయినా మారినవి చాలా కనిపిస్తాయి.

మీ మాస్టర్‌కు ఇదంతా ఎలా చెప్పాలన్న ఇబ్బంది ఉంటుంది. ‘రెండో డాన్ వద్దు’ అనకండి, ఆయనకు మీరు మానేస్తున్నట్టు వినిపిస్తుంది. ‘మాస్టర్, రెండేళ్ల గడువు పూర్తయ్యాకే రాస్తాను, ఈలోగా మోకాలు బాగుచేసుకుంటాను, జియాన్ మీద పనిచేస్తాను, తప్పులు చెప్పండి’ అనండి. మంచి గురువైతే ఆ మాటకు సంతోషిస్తారు. నేలను బాదడం, వంద కిక్‌లు తగ్గించుకుంటానని మాత్రం క్లాసు ముందే విడిగా చెప్పుకోండి, అందరి ముందు లైనులో నిలబడి కాదు.

మోకాలు ముందు నొప్పో, లోపలి పక్కనో, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, క్లాసు ఏ నేల మీద జరుగుతుందో రాయండి. దాన్ని బట్టి మొదటి మూడు నెలలు ఏ స్టాన్స్ తగ్గించాలో, ఏ కిక్ ఆపాలో చెప్తాను.